బూడిద పిచ్చుక పాట

గుడ్లగూబ బొమ్మ ఉన్న అగ్గిపెట్టె లేబుల్.
బొటనవేలికంటే కాస్త వెడల్పు.
కింద అచ్చుతప్పు, ఒక అక్షరం తలకిందులు.
మా అమ్మమ్మ యోన్‌షోపింగ్‌లో, వంటగది బల్ల మీద,
వెయ్యికి ఇంతని కూలి మాట్లాడుకుని
ఇలాంటివే అతికించేది రాత్రిళ్ళు.
ఒక్కటీ దాచుకోలేదు.
జిగురు చేతులకి దాచుకోవాలని ఎందుకు తోస్తుంది?

ఇరవై క్రోనర్ల దగ్గర పాట మొదలైంది.
నలభై ఐదు అన్నారెవరో, ఊరుకున్నారు.
యాభై అన్నాను.
అప్పుడొచ్చింది బూడిద పిచ్చుక.
అది పెట్టుకున్న పేరు. ముఖం లేదు, ఊరు లేదు.
నేను మూడొందలంటే మూడొందల పది.
నేను ఎనిమిదొందలంటే ఎనిమిదొందల పది.
ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను,
ఎవరు దాటిపోయినా పట్టించుకోలేదు.
ఆ రాత్రి పట్టింది.
వేలంవెర్రి అంటే గుంపుకి పట్టేదనుకునేదాన్ని.
ఒక్కదానికి, చీకట్లో, చెప్పులు కూడా లేకుండా
కూర్చున్నదానికి కూడా పడుతుంది.
రెండువేల తొమ్మిదొందలు, అన్నాను.
రెండువేల తొమ్మిదొందల యాభై, అంది పిచ్చుక.
గడియారం సున్నా అయింది.

వేలంపాట అంటారు గానీ
గొంతులు వినపడని పాట ఇది.
చిన్నప్పుడు నాన్నతో పశువుల వేలానికి వెళితే
వెనక్కి తిరిగితే చాలు, పాడిందెవరో తెలిసేది.
ఎవరి టోపీ, ఎవరి దగ్గు.
అమ్మేవాడి బావమరిది చెయ్యెత్తాడా,
కొట్టమంతా నవ్వేది.
ఇక్కడ వెనక్కి తిరిగితే నా వంటగదే.

మూడో రోజు అమ్మేవాడి ఉత్తరం:
"గెలిచినవారు డబ్బు కట్టలేదు.
మీరు పాడిన ధరకే మీకిస్తాను."
పెన్సిల్ తీసి లెక్క వేశాను.
పిచ్చుకని తీసేస్తే మిగిలేది
నలభై ఐదు అన్న మనిషి, యాభై అన్న నేను.
పైదంతా
నేనూ నా ఆశా ఒకరి మీద ఒకరం పాడుకున్నది.
యాభై పంపుతానని రాశాను.
జవాబు లేదు.

నెల తిరక్కుండా మళ్ళీ అదే గుడ్లగూబ.
అదే మూల చిరుగు,
ఫోటోలో అదే బొటనవేలి నీడ.
పిచ్చుకా దిగింది.
ఎదురుగా ఈసారి లూలియో నుంచి ఎవరో ఆర్విడ్.
ఆరొందలు. వెయ్యి. పదహారొందలు.
అతని ప్రతి పాటకీ ముందు కాస్త ఆలస్యం.
పర్సు తెరిచి మళ్ళీ మూసే ఆలస్యం,
నాకు తెలుసు అది.
కేకేద్దామంటే హాలు లేదు.

అందుకని నేనే పాడాను.
రెండువేలు. మూడువేలు.
నాలుగువేల వంద, అన్నాడు ఆర్విడ్.
తొమ్మిదివేలు అన్నాను,
బ్యాంకులో తొమ్మిదొందలు లేనిదాన్ని.
ధర కొండెక్కింది, దీపం కొండెక్కినట్టు.
కట్టలేదు. కట్టకూడదనే పాడాను.
నా పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది,
మాట మీద నిలబడని మనిషని.
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, చెప్పొద్దూ.

వారం తర్వాత ఆర్విడ్ రాశాడు:
"గున్వోర్ గారూ, మీరు కట్టనందువల్లే నాకు దక్కింది.
అతనే పిలిచి ఇచ్చాడు, నాలుగువేల వందకి.
మీకేం ఇబ్బంది వచ్చిందో ఏమో, అడగను.
మీ రుణం మరిచిపోలేను.
గోడకి పెట్టాను, ఫోటో పంపుతున్నాను."

ఫోటోలో గుడ్లగూబ. తలకిందుల అక్షరం.
ఫ్రేము అద్దంలో అతని లావు కళ్ళజోడు,
మోచేతి దగ్గర అతుకు వేసిన స్వెట్టర్, నవ్వు.
పదహారొందల దగ్గర ఆగిపోయేవాడేమో ఆ మనిషి.
ఆ పైన విన్నదంతా నా గొంతే.

జవాబు రాద్దామని కూర్చున్నాను.
ఒకటోసారి.
రెండోసారి.
పొయ్యి మీద కాఫీ నీళ్ళు
మరిగి మరిగి గిన్నె ఎండిపోయింది.